కాలువ గట్టు మీది నుంచి మా గోదావరి డెల్టా

“మీకేమప్పా, డెల్టా వాళ్ళు! కాలవ నిండా నీళ్ళు, చేను నిండా వరి. కరువంటే ఏందో మీకు తెలీదు.”

మొన్న రాత్రి మెస్‌లో సాంబారు లైన్లో నిలబడ్డప్పుడు మన అనంతపురం మిత్రుడు అన్న మాట ఇది. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మేము నలుగురం అక్కడే ఉన్నాం. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. బోరు మీద బోరు వేసి, నీళ్ళు పడక, అప్పు మాత్రం మిగిలిన కథలు మన రూముల్లో ఎన్నిసార్లు విన్నాం! అయినా ఆ మాట ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

రూముకి వచ్చాక నలుగురం కూర్చుని ఒక లెక్క వేశాం. మా నాలుగిళ్ళకీ కలిపి సొంత భూమి ఎంత? అరవై సెంట్లు. అది కూడా ఒకరి తాతకి ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి, మురుగు కాలువ పక్కన. నలుగురిలో ఇద్దరి ఇళ్ళు కాలువ గట్టు పోరంబోకులో ఉన్నాయి. నలుగురి నాన్నలూ వరి పండించినవాళ్ళే. నలుగురి అమ్మలూ మోకాలి లోతు దమ్ములో వంగి ఊడ్చినవాళ్ళే. నాలుగిళ్ళలోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. అన్నపూర్ణ అని దేశమంతా పిలిచే చోట పుట్టి, రేషన్ బియ్యం తిని పెరిగాం.

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ‘మా జిల్లా’ అని ఒక వ్యాసం ఉంటుంది. ఎల్లలు, నదులు, పంటలు, చూడదగిన స్థలాలు. మేమూ అదే వరసలో రాయాలనుకున్నాం. కాకపోతే నిలబడి చూసే చోటు మార్చాం.

మిత్రులారా, ముందు భూగోళం. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పాపికొండలు దాటి, రాజమహేంద్రవరం దాటి, ధవళేశ్వరం దగ్గరికి వచ్చేసరికి నదికి తొందర తగ్గిపోతుంది. అక్కడి నుంచి గౌతమి తూర్పుకి, వశిష్ఠ పడమరకి చీలిపోతాయి. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. గౌతమి యానాం పక్క నుంచి, వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న ముక్కోణం కోనసీమ. గౌతమికి తూర్పున కాకినాడ వైపు ఒక డెల్టా, వశిష్ఠకి పడమట భీమవరం, నరసాపురం వైపు ఒక డెల్టా. మూడూ కలిపి సుమారు ఐదు వేల చదరపు కిలోమీటర్లు. ఆనకట్ట కింద పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇది నాలుగైదు జిల్లాల్లోకి వెళ్ళింది. నీళ్ళకి ఆ సంగతి తెలియదనుకోండి.

ఈ నేలంతా నది మోసుకొచ్చిన ఒండ్రు. ఎక్కడెక్కడి కొండల మట్టో మా చేలల్లో ఉంది. ఎంత చదునంటే, ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరంలో నేల దిగేది పదిహేను మీటర్లు కూడా ఉండదు. ఈ ఒక్క సంగతీ అర్థమైతే డెల్టా మొత్తం అర్థమైనట్టే అని మా నమ్మకం. వాలు లేనిచోట నీళ్ళు రావడం ఎంత సులువో, పోవడం అంత కష్టం. ఇక్కడ అరడుగు ఎత్తు కూడా ఆస్తే. ఆ అరడుగు ఎవరి చేతిలో ఉంది?

మా ఊళ్ళన్నీ ఒక్కసారి గుర్తు చేసుకుని చూశాం. నలుగురివీ నాలుగు వేరు వేరు మండలాలు. నాలుగు చోట్లా ఊరు మెరక మీద ఉంది, పేట పల్లంలో ఉంది. గుడి, పెద్దిళ్ళు, రచ్చబండ, పాత బడి మెరక మీద. మా పేట దాటితే శ్మశానం, ఆ తర్వాత డ్రెయిన్. ఊరి చేలల్లో నీళ్ళు తీస్తే వచ్చేది మా వైపుకే. జులై, ఆగస్టుల్లో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మా అమ్మలు బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కిస్తారు, మంచం కోళ్ళ కింద ఇటుకలు పెడతారు. మాలో ఒకరి నాయనమ్మ అయితే చర్చి మెట్లు లెక్కపెట్టి చెబుతుంది: “రెండో మెట్టు మునిగిందంటే ఇంక లెగండర్రా, బడికి పోదాం.” బడి అంటే చదువుకి కాదు. తుపానుకీ వరదకీ మా పేటవాళ్ళు తలదాచుకునేది అక్కడే. అలా బడిలో పడుకున్న రాత్రుల్లో బల్లల మీద చెక్కిన పేర్లు చదువుకుంటూ అక్షరాలు గట్టిపడ్డవాళ్ళం మాలో ఇద్దరున్నాం.

భూగోళ శాస్త్రం పుస్తకంలో ‘డెల్టా’ పాఠం చదివినప్పుడు ఊరు ఎక్కడ, పేట ఎక్కడ అనే మాట ఎక్కడా కనపడలేదు. అది భూగోళం కాదా?

ఇక కాటన్ దొర దగ్గరికి వద్దాం. ఆయన పేరు ఎత్తకుండా గోదావరి గురించి రాయడం కుదరదు, రాయకూడదు కూడా. 1832-33 కరువు, 1839లో కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన చూసిన నేల ఇది. పక్కనే నిండు గోదారి సముద్రంలోకి పోతుంటే ఒడ్డున జనం ఆకలితో చచ్చిపోయారు. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. ఇప్పుడు మనం చూసే బరాజ్ 1970ల్లో మొదలై 1980ల తొలినాళ్ళలో పూర్తయిన కొత్త కట్టడం. కాటన్ కాలువలు తవ్వించింది సాగుకి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. అందుకే ఇప్పటికీ ఊరూరా ‘లాకులు’ ఉంటాయి. మా తాతల కాలంలో ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు అందరూ పడవల మీదే. వైనతేయ మీదుగా కాలువ నీళ్ళని దాటించిన గన్నవరం అక్విడక్టు 1850ల నాటి పని. దాని స్థానంలో 2000లో కొత్తది కట్టి, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి. ఉండాల్సిందే. కానీ ఆ రాయి కొట్టినవాళ్ళు, మోసినవాళ్ళు, మైళ్ళ కొద్దీ కాలువ మట్టి తవ్వి గట్టు మీద పోసినవాళ్ళు వేల మంది ఉంటారు కదా. వాళ్ళ పేరున ఒక్క ఫలకం మాకు ఇంతవరకు కనపడలేదు. ఆ మట్టి గట్ల మీదే ఇవాళ మా ఇళ్ళున్నాయి. ఇరిగేషన్ వాళ్ళ కాగితాల్లో మేము ఆక్రమణదారులం. తవ్వినవాళ్ళ మనవళ్ళే ఆక్రమణదారులు కావడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది.

కాలువ వచ్చాక వరి వచ్చింది. సార్వా, దాళ్వా రెండు పంటలు. సార్వాకి జూన్‌లో కాలువలు వదులుతారు; దాళ్వాకి నీళ్ళు చాలని ఏడు వంతులవారీగా ఇస్తారు, అప్పుడు శివారు చేలకి అందడం గగనం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. ఇక్కడ ఒక గొప్ప సంగతి చెప్పాలి. 1925 నుంచి పనిచేస్తున్న మారుటేరు వరి పరిశోధనా కేంద్రం మన పశ్చిమ గోదావరిలోనే ఉంది. 1982లో అక్కడి నుంచి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఒరిస్సా, బెంగాల్ దాకా వెళ్ళి అక్కడి రైతుల సొంత రకమైపోయింది. కాటన్ పేరు మీద ‘కాటన్‌దొర సన్నాలు’ అని ఇంకో రకం కూడా ఉంది. దేశంలో ఎంత మంది కంచంలో మా మారుటేరు గింజ ఉందో తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది.

అయితే ఆ గింజ పండించేది ఎవరు? రైతు అంటే భూమి ఉన్నవాడని కాగితం అంటుంది. మా ఊళ్ళల్లో పట్టాదారు హైదరాబాదులోనో, అమెరికాలోనో, లేదా ఊళ్ళోనే మేడ మీదో ఉంటాడు. చేలో ఉండేది కౌలుదారు. సార్వా పంట దాదాపుగా శిస్తు బస్తాలకే పోతుంది. దాళ్వా పండితే మిగిలింది తనది. దాళ్వాకి నీళ్ళు చాలకపోతే ఆ ఏడు ఒళ్ళు కష్టం తప్ప మిగిలేది లేదు. తుపాను కూడా సరిగ్గా నవంబరులో, కోతకొచ్చిన సార్వా మీదికే వస్తుంది. పడిపోయిన పైరుకి నష్టపరిహారం రాస్తే అది పాసు పుస్తకం ఎవరి పేరున ఉందో వాళ్ళ ఖాతాలో పడుతుంది.

2019లో పంట సాగుదారు హక్కుల చట్టం చేశారు. పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కౌలు రైతుకి కార్డు ఇస్తారు. కానీ అందులో భూమి యజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు ఆ చేను మనకి ఉంటుందా? మాలో ఒకరి నాన్న ధైర్యం చేసి అడిగాడు. యజమాని మంచివాడే, సంతకం పెట్టాడు. కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే, ఆ భూమి మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకున్నాడు, అదే భూమికి రెండో అప్పు ఇవ్వలేమన్నారు. ఆ కార్డుని ఇంట్లో యేసు ప్రభువు పటం వెనకాల దాచారు. అప్పు మాత్రం ఎరువుల కొట్టు దగ్గరే, మామూలు వడ్డీకే దొరికింది. ధాన్యం కూడా అదే కొట్టు ఆయనకి, ఆయన చెప్పిన రేటుకి.

2011 సార్వాలో కోనసీమ రైతులు ‘పంట విరామం’ ప్రకటించారు. దాదాపు లక్ష ఎకరాల్లో నాట్లు వేయలేదు. గిట్టుబాటు ధర లేదు, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, కూలీలు దొరకడం లేదు అన్నారు. దేశమంతా దాని గురించి మాట్లాడింది. మొదటి రెండు కారణాలూ నూటికి నూరుపాళ్ళు నిజం. మూడోదాని మీద మాత్రం మాకు పేచీ ఉంది. ఆ ఏడు పంట విరామం రైతుకి నిరసన. మా అమ్మలకి అది పని విరామం. ఊడ్పుల్లేవు, కోతల్లేవు. అప్పుడు మేము చిన్నపిల్లలం. ఆ జూన్‌లో కొత్త పలక కొనలేదన్నది మాత్రం జ్ఞాపకం. ఆ నెలల్లో కూలీల గురించి ఎవరు ఏం రాశారో చూద్దామని మన లైబ్రరీలో పాత పేపర్లు తిరగేశాం. కూలీలు దొరకరు అన్న వాక్యం చాలా చోట్ల ఉంది. కూలీలకి ఏం దొరికింది అన్న వాక్యం మేము చూసినంతలో లేదు.

ఆ తర్వాత కోత మిషన్లు వచ్చాయి. కోతలు, పనలు కట్టడం, కుప్ప వేయడం, నూర్పిడి అని నెలా నెలన్నర సాగే పని ఇప్పుడు ఎకరానికి గంటా గంటన్నరలో అయిపోతోంది. విత్తనాలు వెదజల్లి సాగు చేసేవాళ్ళు పెరిగాక ఊడ్పుల జట్లు కూడా పలచబడ్డాయి. యంత్రాన్ని మేము తిట్టం. నడుము వంచి ఊడ్చి ఊడ్చి నలభై ఏళ్ళకే మా అమ్మలు నిటారుగా నిలబడలేకపోవడం చూసినవాళ్ళం, ఆ పని పిల్లలకి ఉండాలని కోరుకోం. యంత్రం వచ్చినప్పుడు దాని వెనక ఇంకో పని కూడా రావాలని మాత్రమే అంటున్నాం.

వచ్చిన పని ఏమిటంటే చెరువులు. ఆకివీడు, భీమవరం వైపు బస్సులో వెళ్తే వరి చేలకంటే చేపల, రొయ్యల చెరువులే ఎక్కువ కనిపిస్తాయి. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రమే మొదటిది. డాలర్లు వస్తున్నాయి, కాదనం. కానీ ఎకరం వరికి దమ్ము, ఊడ్పు, కలుపు, కోత అంటూ ఊరంతా కదలాలి. చెరువుకి ఒక కాపలా మనిషి, ఒక మేత మనిషి ఉంటే సరిపోతుంది. ఉప్పు నీళ్ళు పక్క చేలోకి ఊరతాయి, బావుల్లోకి ఊరతాయి. చెరువు మారిస్తే ఆ మురుగు డ్రెయిన్లోకి, డ్రెయిన్ పక్కన మేము. మా పేట చేతిపంపు నీళ్ళు ఇప్పుడు గేదెలు కూడా తాగవు. ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నాం. గోదావరి పక్కన పుట్టి నీళ్ళు కొనుక్కోవడం గురించి మా అనంతపురం మిత్రుడికి చెబితే మొదట నమ్మలేదు.

చెరువుల వల్ల వచ్చిన కూలి పని ఒకటుంది, రొయ్య వలిచే షెడ్డు. మా అక్కలు, పిన్నులు తెల్లవారుజామున వ్యాన్లెక్కి వెళ్తారు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ళు తెల్లగా నానిపోతాయి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఢిల్లీలో, వాషింగ్టన్‌లో ఏం మాట్లాడుకున్నారో గాని, “ఈ వారం మూడు రోజులే పని ఉందమ్మా” అని మా ఇంటినుంచి ఫోను వచ్చింది. అర్థశాస్త్రంలో అంతర్జాతీయ వాణిజ్యం పేపరు అప్పుడు సరిగ్గా బోధపడింది. ఇంకొందరు అక్కలు కువైట్, మస్కట్ ఇళ్ళ పనికి వెళ్ళారు. మాలో ఒకరి ఇంటర్ ఫీజు కువైట్ డబ్బే.

వరి, రొయ్య తర్వాత కొబ్బరి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు, రావులపాలెం అరటి మార్కెట్టు పేరు పొందినవి. కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు దేశమంతటికీ లారీల్లో వెళ్తాయి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది, వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. మేము అప్పటికి పుట్టలేదు. కానీ మా ఇళ్ళలో కాలాన్ని ఇప్పటికీ ‘తుపానుకి ముందు, తుపాను తర్వాత’ అనే కొలుస్తారు. చెట్టు పడితే రైతుకి పరిహారం రాస్తారు. చెట్టెక్కే దింపు కార్మికుడు పడితే? ఒలుపు గునపం చేతిలో దిగితే? ఆ పని చేసేవాళ్ళని అడగండి, వేళ్ళు చూపిస్తారు.

నేల కింద గ్యాసు కూడా ఉంది. 1995లో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ గ్యాసు ఎక్కడెక్కడో దీపాలు వెలిగిస్తోంది. మా వాళ్ళకి మాత్రం గట్టు మీద ‘ఇచ్చట తవ్వరాదు’ అన్న పసుపు బోర్డు మిగిలింది.

ఇంత చెప్పాక, చూడదగిన స్థలాలు ఏమున్నాయి అని అడుగుతారు. చాలా ఉన్నాయి, నిజంగా రండి. పంచారామాల్లో నాలుగు ఇక్కడే: ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసేచోట నిలబడి చూస్తే ఏది గోదారో ఏది సముద్రమో తెలియదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పచ్చటి చేలకి అడ్డంగా, కౌశిక కాలువ నీళ్ళల్లోంచి ప్రభలు మోసుకొస్తారు. మోసే భుజాలు ఎవరివో చూడండి, అదీ చూడదగినదే. కాకినాడ పక్కన కోరంగి మడ అడవులు, వాటిలో బావురు పిల్లులు. రెండు డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు. ఆటపాక దగ్గర గూడబాతులు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు 2006లో పగలగొట్టారు. పక్షుల కోసం అది మంచిదే. దాని మీద బతికినవాళ్ళకి బదులు ఏం చూపించాలన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

తినాలంటే ఆత్రేయపురం పూతరేకులు. బోర్లించిన కుండ మీద జయ బియ్యం పిండితో పొర తీసే ఆడవాళ్ళు రోజంతా పొగలో కూర్చుంటారు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అంటారు. మా ఇళ్ళల్లో పులస వండిన రోజు ఎవరికీ గుర్తు లేదు. పట్టి అమ్మినవాళ్ళు మాత్రం ఉన్నారు.

మామూలు పుస్తకాల్లో లేని రెండు చోట్లు కూడా చెబుతాం. ఒకటి ఆదుర్రు. మామిడికుదురు మండలంలో వైనతేయ దగ్గర బౌద్ధ స్తూపం ఆనవాళ్ళు ఉన్నాయి. కొబ్బరి తోటల మధ్య ఆ ఇటుకల దగ్గర నిలబడితే, పేటలు లేని కాలం ఒకటి ఈ నేల మీద ఉందేమో అనిపిస్తుంది. రెండోది మామిడికుదురే. బోయి భీమన్నగారు 1911లో అక్కడ పుట్టారు. ఆయన ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు. మా తాత ఆ నాటకం చూసొచ్చి నాన్నని బడిలో వేశాడట. నాన్న అయిదుతో ఆగిపోయాడు. మేము మిగతాది చదువుతున్నాం.

పర్యాటకం పెంచుతాం, కోనసీమని కేరళ చేస్తాం అని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. పెంచండి. రిసార్టు కట్టినప్పుడు రేవుకి అడ్డంగా కంచె వేయకండి, మా అమ్మలు బట్టలుతికేది అక్కడే. పడవ నడపడం, వంట, గైడు పని మా పేట పిల్లలకి నేర్పించండి. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చాలన్నప్పుడు 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో అందరం టీవీల్లో చూశాం. ఇళ్ళు తగలబడ్డాయి. పేరు నిలిచింది. ఆ వారం మేము హాస్టల్ నుంచి ఇంటికి ఫోను చేసి, “బయటికి వెళ్ళకండి నాన్నా” అని చెప్పాం. అందమైన ఊరు అన్న మాట విన్నప్పుడల్లా మాకు ఆ ఫోను కూడా గుర్తొస్తుంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంకల్లో వారం రోజులు పడవల మీదే బతికారు. ఇంకో పక్క, నది పైన కట్టుకుంటూ పోయిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకి కొత్త మట్టి రావడం తగ్గింది. ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డునీ ఇళ్ళనీ తింటోంది. నీళ్ళు పైనుంచీ వస్తాయి, కిందనుంచీ వస్తాయి. మొదట తగిలేది పల్లంలో ఉన్నవాళ్ళకే.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. డెల్టా బాగుండాలంటే కాలువల కంటే ముందు డ్రెయిన్లు చూడాలి. కాలువకి ప్రారంభోత్సవం ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది, మంత్రిగారుంటారు. డ్రెయిన్‌కి గుర్రపుడెక్క తప్ప ఇంకేమీ ఉండదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసినప్పటి నుంచి జూన్‌లో వదిలేదాకా రెండు నెలల వ్యవధి ఉంది. ఆ రెండు నెలల్లోనే పూడిక తీయాలి. జులైలో వాన పడుతుంటే ప్రొక్లెయిన్ తెచ్చి పైపైన గీకి బిల్లు చేసుకోవడం మేము కళ్ళారా చూశాం. ఏ డ్రెయిన్‌కి ఎంత అంచనా వేశారో, ఎంత పొడవు తవ్వాలో సచివాలయం గోడ మీద రాయాలి. అక్కడి కూలి పని మా పేటలకే ఇవ్వాలి. కౌలు కార్డుకి యజమాని సంతకం అడగడం మానేసి, చేలో ఎవరున్నారో ఊళ్ళో విచారించి ఇవ్వాలి. పరిహారం పండించినవాడి ఖాతాలో పడాలి. గట్టు మీద ఇళ్ళు తీసేయాలంటే తీసేయండి, ముందు మెరక మీద స్థలం చూపించి. ఈసారి శ్మశానం పక్కన వద్దు.

మా అనంతపురం మిత్రుడికి ఇదంతా చదివి వినిపించాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మాకు నీళ్ళు లేవు, మీకు నేల లేదు. ఈ రెండూ ఉన్నోళ్ళు ఎవరప్పా?” అన్నాడు. ఆ ప్రశ్న వచ్చే ఏటి సంచికలో అతనే రాస్తానని మాటిచ్చాడు. ఎడిటర్ అన్నయ్య గమనించగలరు.

ఇంకో పని కూడా మొదలుపెట్టాం. చార్టు పేపర్లు నాలుగు అతికించి గోదావరి డెల్టా పటం గీశాం. నదీ పాయలు, కాలువలు, లాకులు పుస్తకాల్లో చూసి వేశాం. డ్రెయిన్లు మాత్రం సగం దొరకలేదు, పేటలైతే ఏ పటంలోనూ లేవు. వార్షికోత్సవం రోజు దాన్ని రీడింగ్ రూమ్ గోడకి తగిలిస్తున్నాం. డెల్టా ఊళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వచ్చి మీ పేట ఎక్కడో, మీ పక్కన పారే డ్రెయిన్ పేరేమిటో రాయండి. పెన్సిల్ దారం కట్టి పక్కనే వేలాడదీశాం. పెన్నుతో రాయకండి, దయచేసి. చార్టులకి మా దగ్గర ఇంక డబ్బుల్లేవు.